చిన్న అవుట్‌బోర్డ్ మోటారుకి బయటి ట్యాంకు పెట్టొచ్చా? ముందు పంపు ఉందో లేదో చూడండి

మీరు అడిగింది ఇదీ: నరసాపురం దగ్గర గోదావరిలో తిప్పుకునే 14 అడుగుల ఫైబర్ బోటు, దానికి సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2.5 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ మోటారు, బోటు వెనక బయట బిగించే అవుట్‌బోర్డ్ రకం. మోటారు నెత్తి మీదున్న లీటరు ట్యాంకు, అంతర్వేది వైపు వెళ్లి వచ్చేలోపు రెండు మూడు సార్లు ఖాళీ అవుతోంది. నడి ఏట్లో బోటు ఊగుతుంటే, కాలుతున్న ఇంజిన్ మీద సీసాతో పెట్రోలు పోయాలంటే టెన్షన్‌గా ఉంది. ఆన్‌లైన్‌లో 12 లీటర్ల ట్యాంకు, మధ్యలో చేత్తో నొక్కే బల్బున్న పైపు కనిపించాయి. అవి కొని కార్బొరేటర్‌కి (పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజిన్‌కి ఇచ్చే భాగానికి) తగిలిస్తే సరిపోతుందా అని.

సరిపోదండీ. ఆ రెండూ కొనకముందే మోటారు పై కవరు తీసి ఒక్క విషయం చూడండి: అందులో ఫ్యూయల్ పంపు ఉందా, లేదా.

ట్యాంకు అడుగు నుంచి బయల్దేరే పైపుని వేలితో పట్టుకుని వెళ్లండి. ట్యాంకు, చిన్న ఫిల్టరు, పెట్రోల్ కాక్, అక్కణ్నుంచి నేరుగా కార్బొరేటర్ వస్తే మీది పంపు లేని మోటారు. పెట్రోలు తన బరువుతో తానే కిందికి దిగుతుంది. అలా కాకుండా దారి మధ్యలో నాలుగు స్క్రూలతో బిగించిన చిన్న డబ్బీ లాంటిది ఉండి, దాంట్లోకి ఒక పైపు వెళ్లి ఇంకోటి బయటికొస్తుంటే అది పంపు. దాంతోపాటు మోటారు ముందు వైపు బయటి పైపు తగిలించే మొన, కాక్‌కి మూడు పొజిషన్లు (మూసివేత, లోపలి ట్యాంకు, బయటి ట్యాంకు) ఉన్నాయంటే కంపెనీయే మీకు ఏర్పాటు చేసి ఇచ్చింది, ఇక ఆలోచించాల్సిన పనే లేదు.

సాధారణంగా 2 నుంచి 3.5 హార్స్‌పవర్ దాకా పంపు ఉండదు. 4, 5, 6 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోకుల్లో చాలావాటికి లోపల లీటరు పైచిలుకు ట్యాంకూ ఉంటుంది, బయటి ట్యాంకుకి దారీ ఉంటుంది. 8, 9.9 హార్స్‌పవర్‌కి వచ్చేసరికి లోపలి ట్యాంకే ఉండదు. మీరు చెప్పినదాన్ని బట్టి మీది మొదటి రకమే అయ్యుండాలి. అయినా సెకండ్ హ్యాండ్ మోటారు కదా, పాత యజమాని ఏం మార్చాడో తెలియదు, కళ్లతో చూసుకోండి.

పంపు లేకపోతే బల్బే పంపు పని చేస్తుందిగా అనుకునేవాళ్లు చాలామంది. చేయదు. బల్బులో ఉన్నవి ఒకే దిక్కుకి తెరుచుకునే రెండు వాల్వులు, అంతే. స్టార్ట్ చేసే ముందు ఖాళీ పైపుని నింపడానికే అది. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ పెట్రోలు లాక్కునేది మోటారులోని పంపు. కొన్ని ఫోర్ స్ట్రోకుల్లో అది క్యామ్ షాఫ్ట్ తోపుడుతో పనిచేస్తుంది, టూ స్ట్రోకుల్లో క్రాంక్‌కేసులో (ఇంజిన్ లోపల క్రాంక్ తిరిగే గదిలో) ఒత్తిడి పెరుగుతూ తగ్గుతూ ఉండటం వల్ల దాని డయాఫ్రమ్ (పల్చటి రబ్బరు పొర) కొట్టుకుంటుంది. అది లేని మోటారుకి బల్బు పైపు తగిలిస్తే ఒకరు చుక్కాని దగ్గర, ఇంకొకరు బల్బు దగ్గర కూర్చోవాలి.

అసలు ప్రమాదం అది కూడా కాదు. మీ కార్బొరేటర్ లోపలి గిన్నెలో ఫ్లోటు (పెట్రోలు మీద తేలే ముక్క), దాని మీద నీడిల్ (దారి మూసే సూది) ఉంటాయి. గిన్నె నిండగానే ఫ్లోటు లేచి నీడిల్‌తో దారి మూసేస్తుంది. పంపు లేని మోటారులో ఆ నీడిల్ ఆపాల్సింది పైనున్న ట్యాంకు ఎత్తు వల్ల వచ్చే ఒత్తిడిని మాత్రమే. 15 సెంటీమీటర్ల ఎత్తు పెట్రోలు అంటే ఒక పీఎస్‌ఐలో (టైర్ల గాలి కొలిచే లెక్కే) ఆరో వంతు. బల్బుని గట్టిగా పిండితే దానికి ఎన్నో రెట్లు వస్తుంది. నీడిల్ ఆగదు, కార్బొరేటర్ పొంగుతుంది. కొంత బయటికి కారి వేడి బ్లాకు మీద పడుతుంది, కొంత సిలిండర్‌లోకి దిగి రింగుల పక్కనుంచి ఇంజిన్ ఆయిల్లో కలుస్తుంది. ఆయిల్ గేజ్ తీసి చూసినప్పుడు మట్టం పెరిగి, పెట్రోలు వాసన కొడుతుంటే జరిగింది ఇదే. ఆ ఆయిల్‌తో నడిపితే బేరింగులు పోతాయి.

ఇక ఇలాంటి మోటారుకి జనం చేసే ప్రయోగాలు మూడు. మూడూ చూశాను కాబట్టి విడివిడిగా చెబుతాను.

ఒకటి, ట్యాంకు మూతకి కన్నం పెట్టి పైపు దూర్చడం. బల్బు నొక్కితే కింది ట్యాంకులోంచి పై ట్యాంకులోకి పెట్రోలు ఎక్కుతుంది, మూత తీయక్కర్లేదు. వినడానికి బాగుంది. కాని కవరు కింద ఉన్న ట్యాంకు ఎంత నిండిందో మీకు కనబడదు. ఒక నొక్కు ఎక్కువైతే గాలి కన్నం లోంచి పొంగి ఇంజిన్ మీదికే పోతుంది. ఇంకో సంగతి చాలామందికి తట్టదు: ఎండలో పెట్టిన కింది ట్యాంకు మూత మీది గాలి స్క్రూ (లోపలికి గాలి ఆడే దారిని తెరిచి మూసేది) బిగించి ఉంటే లోపల ఆవిరి ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు బల్బు ఎవరూ నొక్కకపోయినా పెట్రోలు తనంతట తానే పైపులోంచి ఎక్కిపోతుంది. అమెరికా మార్కెట్ కోసం 2011 తర్వాత చేసిన ట్యాంకులైతే ఆవిరి బయటికి పోకూడదన్న అక్కడి నిబంధన వల్ల 5 పీఎస్‌ఐ దాకా ఒత్తిడిని లోపలే పట్టి ఉంచుతాయి. మధ్యాహ్నం రేవులో కట్టేసి భోంచేసి వచ్చేసరికి మోటారు కింద పెట్రోలు మడుగు కట్టి ఉంటుంది. నేనైతే ఈ ఏర్పాటున్న బోటు ఎక్కను.

రెండోది, బయటి ట్యాంకునే ఎత్తున పెట్టడం. సూత్రం తప్పు కాదు, మీ మోటారు పనిచేసేదే అలా. అయితే కార్బొరేటర్ కన్నా పైన ఉండాలంటే 12 లీటర్ల ట్యాంకుని బల్ల మీద ఇంకో స్టాండు వేసి నిలబెట్టాలి. లీటరు పెట్రోలు ముప్పావు కిలో తూగుతుంది, మొత్తం 9 కిలోలు, పైగా లోపల అటూ ఇటూ కదిలే బరువు. సన్న బోటులో అది మంచిది కాదు. పైపు ఎక్కడ ఊడినా, ఎక్కడ కొరుక్కుపోయినా ఆపేవాడు లేకుండా 12 లీటర్లూ బోటు అడుగులోకి దిగుతాయి. పెట్రోలు ఆవిరి గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు, ఎగిరిపోదు, అడుగునే పరుచుకుని కూర్చుంటుంది. వెనక బీడీ కాల్చే మనిషి ఒక్కడుంటే చాలు.

మూడోది, విడిగా దొరికే చిన్న డయాఫ్రమ్ పంపు బిగించడం. బైకులకీ, జనరేటర్లకీ, గోకార్టులకీ వాడే మికుని కంపెనీ రకం. ఇంజిన్ నుంచి ఒత్తిడి తరంగం ఇచ్చే ఒక చిన్న కన్నం దానికి కావాలి, క్రాంక్‌కేసు నుంచో ఇన్‌టేక్ నుంచో. మీ మోటారుకి ఆ కన్నం కంపెనీ ఇవ్వలేదు, డ్రిల్లు చేసి తీయాలి. చేయగల మెకానిక్కులు ఉన్నారు, నడుస్తుంది కూడా. కాని నీడిల్ సమస్య అలాగే ఉంది, పంపు ఒత్తిడికి అది ఆగుతుందన్న హామీ లేదు. పైగా ఆ డయాఫ్రమ్ ఎప్పుడైనా చిరిగితే పెట్రోలు నేరుగా క్రాంక్‌కేసులోకో ఇన్‌టేక్‌లోకో పోతుంది. ఒడ్డున జనరేటరుకైతే సరే అంటాను. నీళ్ల మీద వద్దు.

మరి ఏం చేయాలి? ఈ మోటారుతోనే ఉండేట్టయితే ట్యాంకు మాట మర్చిపోయి, పోసే పద్ధతి మార్చండి. ఇంధనం కోసమే చేసిన అల్యూమినియం సీసాలు దొరుకుతాయి, లీటరువి మూడు నాలుగు తీసుకోండి. ఒక్కో దాంట్లో 800 మిల్లీలీటర్లే పోసి మూత బిగించండి. ట్యాంకులో కాస్త మిగిలి ఉండగా సీసా మొత్తం వంచినా పొంగదు. కొలత చూసుకునే పని, చేయి వణికే పని ఉండవు. జల్లెడ ఉన్న గరాటు ఒకటి మోటారు దగ్గరే కట్టి ఉంచండి. మోటారు ఆగిపోయేదాకా చూడకండి. మెయిన్ ప్రవాహంలో కాకుండా ఒడ్డు వారకి తెచ్చి, ఆపి, లంగరు వేసి, ఐదు పది నిమిషాలు చల్లారనిచ్చి పోయండి.

ఇంకో మాట. మీ బోటుకి ఫుల్ థ్రాటిల్ (పూర్తి యాక్సిలరేటర్) దండగ. 14 అడుగుల బోటు నీటిని చీల్చుకుంటూ పోయే రకం, దాని పొడవుని బట్టి గంటకి 9 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. అక్కణ్నుంచి ఎంత తిప్పినా వెనక అల పెద్దదవుతుంది తప్ప బోటు ముందుకి పోదు. ఫోర్ స్ట్రోక్ చిన్న మోటార్లు ఫుల్ థ్రాటిల్‌లో హార్స్‌పవర్‌కి గంటకి సుమారు 350 మిల్లీలీటర్లు తాగుతాయి, మీ దానికి గంటకి 900 మిల్లీలీటర్లు. ముప్పాతిక థ్రాటిల్‌కి తగ్గించండి, వేగం కొద్దిగా తగ్గుతుంది, పెట్రోలు బాగా మిగులుతుంది. అన్నిటికన్నా పెద్ద ఆదా పోటు, పాటు చూసుకోవడం. పాటుతో దిగి పోటుతో ఎక్కితే నది మిమ్మల్ని మోస్తుంది. అంతర్వేది దగ్గర సముద్రంలో కలిసే పాయ మీద ఉండి పాటుకి ఎదురెక్కుతూ పెట్రోలు చాలట్లేదంటే తప్పు ట్యాంకుది కాదు. మీ రేవులో వలకి వెళ్లే ఎవరినడిగినా ఆ రోజు టైము చెబుతారు.

రోజూ ఇంత దూరం తిరగాలంటే మాత్రం దీన్ని అమ్మేసి 5 గానీ 6 గానీ హార్స్‌పవర్ కొనడమే నా సలహా. చేర్పులకి పెట్టే డబ్బు అందులో కలపండి. అప్పుడు బయటి ట్యాంకు పని పది నిమిషాల్లో అవుతుంది. 5 హార్స్‌పవర్‌కి ఫుల్‌గా తిప్పితే గంటకి 1.75 లీటర్లు, అంటే 12 లీటర్ల ట్యాంకుతో దాదాపు ఏడు గంటలు. అందులో మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మూడో వంతు ముట్టుకోకుండా ఉంచడానికి అని లెక్కేసుకోండి. లోపలి లీటరు ట్యాంకుని రిజర్వులా నింపి పెట్టుకోవచ్చు, ఆ రకం మోటార్లలో నాకు బాగా నచ్చేది అదే.

అలా కొన్నాక తలనొప్పి ట్యాంకుతో రాదు, పైపుతో వస్తుంది. కాస్త వివరంగా చెబుతాను.

యమహా, సుజుకి, హోండా, తొహాత్సు, మెర్క్యురీ, ఎవరి కనెక్టరు వాళ్లదే అనుకుని కొనండి. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, తగిలిస్తే కూర్చున్నట్టే అనిపిస్తుంది, గాలి మాత్రం లాగుతుంది. మోటారు మోడల్ చెప్పి, పాత మొన చేతిలో పట్టుకెళ్లి సరిచూసి తెచ్చుకోండి. పైపు పెట్రోలుకి చేసిన రబ్బరుదే ఉండాలి, మీద ప్రమాణం నంబరు అచ్చై ఉంటుంది, ఐఎస్‌ఓ 7840 అనో, ఎస్‌ఏఈ జే1527 అనో. మేస్త్రీలు మట్టం చూసుకునే లెవెల్ పైపు తెచ్చి బిగించినవాళ్లని చూశాను. పెట్రోలు కనబడుతుంది బాగుంది అంటారు. కొన్ని నెలలకి అది పసుపెక్కి కర్రలా గట్టిపడి, మొన దగ్గర పగులుతుంది. బల్బు మీదున్న బాణం మోటారు వైపు చూడాలి. నొక్కేటప్పుడు బాణం పైకి ఉండేలా నిలువుగా పట్టుకోండి, లోపలి వాల్వులు అప్పుడే సరిగ్గా పడతాయి. ప్రతి జాయింటుకీ స్టీలు క్లిప్పు వేయండి, ప్లాస్టిక్ టై కాదు.

యానాం రేవులో ఒక బోటు సంగతి చెబుతాను. 5 హార్స్‌పవర్ మోటారు, బయటి ట్యాంకు. స్టార్ట్ అవుతుంది, కాసేపు శుభ్రంగా నడుస్తుంది, తర్వాత దగ్గి ఆగిపోతుంది. బల్బు నొక్కితే మళ్లీ నడుస్తుంది. కార్బొరేటర్ విప్పి కడిగారు, ప్లగ్గు మార్చారు, పెట్రోల్లో నీళ్లున్నాయని ట్యాంకు మొత్తం ఒంపేశారు. ఎక్కడా ఒక్క చుక్క కారడం లేదు, అందుకే పైపుని ఎవరూ అనుమానించలేదు. కనెక్టరు ఊడదీసి లోపలి ఓ రింగుని వెలుతురుకి పెట్టి చూస్తే వెంట్రుక మందాన ఒక కోత. పంపు లాగేటప్పుడు ఆ పైపులో ఉండేది పీల్పుడు, తోపుడు కాదు. కన్నం పడితే పెట్రోలు బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. బల్బు నొక్కినప్పుడు మాత్రం తోపుడు కాబట్టి కాసేపు నడిచేది. చిటికెడంత రబ్బరు రింగు మార్చాక ఆ మోటారు మళ్లీ ఆగలేదు.

కాబట్టి మోటారు ఆగబోతున్నప్పుడు ముందు బల్బుని పట్టుకుని చూడండి. బల్బు పీక్కుపోయి చప్పిడిగా ఉంటే వెనక, అంటే ట్యాంకు వైపు, దారి మూసుకుపోయింది: నూటికి తొంభై సార్లు ట్యాంకు మూత మీది గాలి స్క్రూ తెరవడం మర్చిపోయి ఉంటారు, లేదంటే లోపలి గొట్టం చివరి జల్లెడ నిండింది. పీక్కుపోకుండా మెత్తగా, గాలి బుడగలా ఉంటే ఎక్కడో గాలి పీలుస్తోంది లేదా ట్యాంకు ఖాళీ. గట్టిగానే ఉండి మోటారు ఆగుతుంటే తప్పు పైపుది కాదు, పంపు, కార్బొరేటర్, కరెంటు చూడాలి.

ట్యాంకుని నేల మీద, మోటారుకి దగ్గరగా, బెల్టుతో కట్టి పెట్టండి. మూత పెట్టే పెట్టెలో దాచకండి, ఆవిరికి దారి ఉండాలి. పైన తడి గోనె పట్టా వేస్తే ఎండ తగలదు. ఒడ్డుకొచ్చి మోటారు ఆపాక పైపుని మోటారు దగ్గర ఊడదీయడం అలవాటు చేసుకోండి, ఇందాక చెప్పిన ఎండ ఒత్తిడి గొడవ పంపున్న మోటార్లకీ ఉంది. నింపేటప్పుడు ట్యాంకుని బోటులోంచి దించి, నేల మీద పెట్టి, గొట్టం మొన ట్యాంకు నోటికి ఆనించి పోయించండి, స్టాటిక్ రవ్వ పుట్టకుండా. నోటిదాకా నింపొద్దు. పెట్రోలు డిగ్రీకి దాదాపు వెయ్యో వంతు వ్యాకోచిస్తుంది, పొద్దున నింపిన 12 లీటర్లు మధ్యాహ్నానికి గ్లాసెడు పెరుగుతాయి.

బంకులో ప్లాస్టిక్ డబ్బాలో పోయమంటే ఒప్పుకోరు, వాళ్లతో వాదించకండి. 1934 పెట్రోలియం చట్టం సొంత వాడకానికి 30 లీటర్ల దాకా లైసెన్సు లేకుండా ఉంచుకోనిస్తుంది గానీ, గట్టి బిరడా ఉన్న గాజు, జాడీ, లోహపు పాత్రల్లోనే అంటుంది. గాజుకీ జాడీకీ లీటరు, లోహానికి 25 లీటర్లు హద్దు. లోహపు జెర్రీ క్యాన్ ఒకటి ఉంటే మీకూ వాళ్లకీ ఇబ్బంది ఉండదు.

చివరిగా పెట్రోలు గురించి. ఇప్పుడు మన బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపినది. చాలా అవుట్‌బోర్డుల మాన్యువల్స్ 10 శాతం దాకానే ఒప్పుకుంటాయి, పాతవైతే మరీను. మీరు చేయగలిగిందల్లా దాన్ని నిలవ ఉంచకపోవడం. ఇథనాల్ గాలిలో తేమని పీలుస్తుంది, గోదారి గట్టున తేమకి కొదవా? తేమ ఎక్కువైతే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగిపోతాయి, మీ ట్యాంకు గొట్టం పీల్చేది సరిగ్గా ఆ అడుగు నుంచే. ట్యాంకుకీ మోటారుకీ మధ్య నీళ్లు వేరు చేసే ఫిల్టరు ఒకటి వేయండి. అనుమానం వస్తే అడుగు నుంచి కాస్త గాజు సీసాలోకి తీసి పావుగంట కదపకుండా ఉంచండి, నీళ్లుంటే కింద గీత కనబడుతుంది. రెండు మూడు వారాలు బోటు తీయరనుకుంటే పైపు ఊడదీసి, మోటారుని ఆగేదాకా నడిపి కార్బొరేటర్ ఖాళీ చేసి, ట్యాంకులో మిగిలింది బైకులో పోసేసుకోండి. అన్నట్టు, ఎప్పుడైనా టూ స్ట్రోక్ మోటారు కొంటే దాని ట్యాంకులో ఆయిల్ కలిపిన పెట్రోలు ఉంటుంది, 50కి 1 అయితే 12 లీటర్లకి 240 మిల్లీలీటర్ల ఆయిల్. అది బైకులో పోయకండి, ట్యాంకు మీద పెయింటుతో పెద్దగా రాసి పెట్టుకోండి.